దయకు కొదవ లేని చోట: ఆలస్యంగా తేలిన ఒక అడ్రినల్ కేసు, వైద్యుడికి కావలసిన గుణాలు

మంచి వైద్యుడికి ఏ గుణాలు ఉండాలని అడిగితే వైద్య విద్యార్థులు మొదట చెప్పేది దయ, ఆ తర్వాత ఓర్పు. ఆ జాబితాతో నాకు పేచీ లేదు. అయితే ఆ గుణం ఓపీ గదిలో ఏ క్షణాన, ఏ పని రూపంలో బయటపడాలో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. ఈ కేసును కాస్త విపులంగా రాయడానికి కారణం అదే. ఈ రోగిని మాకన్నా ముందు చూసిన వైద్యుల్లో నిర్దయులు ఎవరూ లేరు. వారిలో ఒకరైతే ఆమెతో అరగంట సేపు కూర్చుని, కన్నీళ్లు తుడుచుకునే వ్యవధి ఇచ్చి మరీ మాట్లాడారు. అయినా ఏడు నెలల పాటు జబ్బు పేరు తెలియలేదు, చివరికి ప్రాణం మీదికి వచ్చింది. అక్కడ లోపించినవి వేరే గుణాలని నా అభిప్రాయం. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

రోగి 34 ఏళ్ల ఉపాధ్యాయిని. రెండు రోజులుగా ఆగని వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయేంత నీరసం ఉన్నాయంటూ భర్త, అక్క కలిసి సాయంత్రం ఎమర్జెన్సీ విభాగానికి తీసుకువచ్చారు. నాడి నిమిషానికి 118. పడుకుని ఉండగానే రక్తపోటు 84/50. జ్వరం లేదు. రక్తంలో చక్కెర 58 మిల్లీగ్రాములు. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ వెంటనే సెలైన్ మొదలుపెట్టి, పరీక్షలకు రక్తం పంపి, కేస్ షీట్‌లో గ్యాస్ట్రోఎంటరైటిస్ వల్ల ఒంట్లో నీరు తగ్గిందని, డిప్రెషన్‌కూ థైరాయిడ్‌కూ మందులు వాడుతున్నారని రాశారు. అప్పటికి తెలిసిన సంగతులను బట్టి చూస్తే ఆ రాతలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లీటరు సెలైన్ ఎక్కాక కూడా పై రక్తపోటు 88 దాటలేదు. అంతలో రిపోర్టులు వచ్చాయి. సోడియం 121, అంటే బాగా తక్కువ. పొటాషియం 5.9, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3. వాంతులు చేసుకున్న మనిషికి సాధారణంగా పొటాషియం తగ్గుతుంది, ఈమెకు పెరిగింది. ఇలాంటి అంకె కనబడినప్పుడు ఎవరికైనా వెంటనే తోచే సమాధానం ఒకటి ఉంది: రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికి ఉంటాయి, శాంపిల్ సరిగా లేదు, రేపు మళ్లీ పంపుదాం. అది చాలాసార్లు నిజం కూడా అవుతుంది. ఆ జూనియర్ డాక్టర్ మాత్రం శాంపిల్ గురించి లేబొరేటరీకి ఫోన్ చేసి అడిగారు, కణాలు చితకలేదని తెలుసుకున్నారు, ఆ తర్వాత నాకు ఫోన్ చేసి, "సర్, నేను రాసిన డయాగ్నోసిస్‌కు ఈ పొటాషియం కుదరడం లేదు" అన్నారు.

ఈ కేసులో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే మాట అది. అప్పటికి ఆయనకు జబ్బు పేరు తెలియదు. తెలిసినదల్లా తాను గంట క్రితం రాసిన వాక్యం ఒక అంకె ముందు నిలబడడం లేదని మాత్రమే. తాను రాసిన దాన్ని తానే అనుమానించడం, ఆ అనుమానాన్ని పై వైద్యుడి ముందు దాచకుండా చెప్పడం, పరీక్షల్లో వచ్చే మార్కులతో కొలవగలిగేవి కావు. ఎక్కువ మార్కులు తెచ్చుకుని, జవాబు తెలియని స్థితిని ఒక్క నిమిషం కూడా భరించలేక, చేతికందిన పేరుతో కేసు ముగించేసే వారిని నేను చాలామందిని చూశాను.

చిగుళ్లు

నేను వార్డుకు చేరే లోపల ఇంకో సంగతి జరిగింది. వాంతి అయ్యాక రోగి నోరు తుడుస్తున్న స్టాఫ్ నర్సుకు చిగుళ్ల మీద, బుగ్గల లోపలి వైపు నీలి నలుపు మచ్చలు కనబడ్డాయి. చామనఛాయ, నలుపు రంగు ఉన్న వారిలో చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉండవచ్చు, కాబట్టి మచ్చలను చూడగానే ఒక నిర్ణయానికి రావడానికి లేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. అందుకే పక్కనే ఉన్న అక్కను, "ఇవి మొదటి నుంచీ ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. లేవని, ఈమధ్య ఒళ్లంతా నల్లబడిందని, ఎండలో తిరగడం వల్ల అనుకున్నామని ఆమె చెప్పింది. నర్సు ఆ మాటను జూనియర్ డాక్టర్ చెవిన వేశారు.

ఎండకు కమిలిన చర్మం ఎండ తగిలే చోటే నల్లబడుతుంది. నేను వెళ్లి చూసినప్పుడు ఆమె అరచేతుల గీతలు నల్లగా ఉన్నాయి. వేళ్ల కణుపులు, మోచేతులు, నడుము దగ్గర బట్ట ఒరుసుకునే చోటు కూడా అలాగే ఉన్నాయి. కిందటి ఏడాది తగిలిన గాయం తాలూకు మచ్చ ముదురు నలుపులో ఉంటే, అంతకు చాలా ఏళ్ల ముందరి ఆపరేషన్ మచ్చ మామూలు రంగులోనే ఉంది. ఇది అడ్రినల్ గ్రంథుల వైఫల్యానికి పాఠ్యపుస్తకంలో రాసి ఉన్న చిత్రమే. మూత్రపిండాల పైన ఉండే ఈ గ్రంథులు ఆపదను తట్టుకోవడానికి శరీరానికి కావలసిన కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేయలేనప్పుడు, వాటిని అదిలించడానికి పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనును విపరీతంగా వదులుతుంది. అది చర్మంలోని రంగు కణాలను కూడా ప్రేరేపించడం వల్ల శరీరం నల్లబడుతుంది. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరోన్ అనే హార్మోను కూడా లేకపోవడంతో ఉప్పు మూత్రంలో పోయి, సోడియం తగ్గి, పొటాషియం పెరిగి, రక్తపోటు పడిపోతుంది. లండన్‌లోని గైస్ హాస్పిటల్ వైద్యుడు థామస్ అడిసన్ 1855లో ఈ జబ్బును వర్ణించే నాటికి ఈ హార్మోన్ల పేర్లు కూడా ఎవరికీ తెలియవు. రోగుల నీరసాన్ని, చర్మం రంగును, చనిపోయాక గ్రంథుల స్థితిని కలిపి చూసి ఆయన జబ్బును పట్టుకున్నారు.

నర్సు విషయం ఇంకొంచెం చెప్పాలి. ఆమె గమనించడం ఒక ఎత్తు, గమనించిన దాన్ని డాక్టర్‌తో చెప్పగలగడం ఇంకో ఎత్తు. "మీ పని మీరు చూసుకోండి సిస్టర్" అనే జవాబు ఒకసారి విన్న నర్సు రెండోసారి నోరు తెరవదు. కింది వారు, రోగి బంధువులు, వార్డు ఆయా కూడా భయం లేకుండా ఒక మాట అనగలిగేలా మెలగడం వైద్యుడికి కేవలం మర్యాదకు సంబంధించిన విషయమని అనుకుంటారు. నా లెక్కలో అది రోగ నిర్ధారణ సామర్థ్యంలో భాగం. రోజంతా రోగి పక్కన ఉండేది వాళ్లు. రౌండ్స్‌లో మంచం దగ్గర వైద్యుడు నిలబడేది కొద్ది నిమిషాలు.

అంతకు ముందరి ఏడు నెలలు

అక్క నోటి నుంచి, ఆ తర్వాత తేరుకున్న రోగి నుంచి, పాత ప్రిస్క్రిప్షన్ల నుంచి ఏరుకుని రాసుకున్న చరిత్ర ఇది. మొదట అలసట, బరువు తగ్గడం. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది, విటమిన్ మాత్రలు రాశారు. తర్వాత వికారం, ఆకలి లేకపోవడం. ఎసిడిటీకి మందు ఇచ్చారు. ఆ తర్వాత పాఠశాలకు వెళ్లాలంటేనే ఏడుపు వచ్చే స్థితి. ఒక వైద్యుడు ఆమెతో ఓపికగా మాట్లాడి డిప్రెషన్ అని నిర్ధారించి మందు మొదలుపెట్టారు. చివరిగా, బరువు తొమ్మిది కిలోలు తగ్గాక, థైరాయిడ్ పరీక్షలో, ఆ గ్రంథి మందకొడిగా ఉంటే పెరిగే టీఎస్‌హెచ్ 8.4 వచ్చింది, థైరాయిడ్ హార్మోను మాత్ర థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు రాశారు. ఆ మాత్ర మొదలుపెట్టిన రెండు వారాలకు ఆమె మా దగ్గరికి వచ్చింది.

విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయానికీ సమర్థన ఉంది. కార్టిసాల్ లేనప్పుడు టీఎస్‌హెచ్ కొద్దిగా పెరుగుతుంది, అది థైరాయిడ్ జబ్బు కాకపోవచ్చు. ఆ స్థితిలో థైరాక్సిన్ ఇస్తే శరీరం తన వద్ద మిగిలి ఉన్న కొద్దిపాటి కార్టిసాల్‌ను మరింత వేగంగా ఖర్చు చేస్తుంది, రోగి కుప్పకూలవచ్చు. ఇది చదువుకున్న విషయమే. కానీ థైరాయిడ్ మందకొడిగా ఉంటే సాధారణంగా బరువు పెరగాలి. బరువు తగ్గుతున్న మనిషికి ఆ మాట చెప్పే ముందు, ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయే అని ఆగి ఆలోచించడానికి విద్యతో పాటు ఒక తత్వం కావాలి. తేలని ముడిని చూస్తే దాన్ని విప్పే దాకా మనసు ఊరుకోకపోవడం ఆ తత్వం. కుతూహలం అనే మాట దీనికి కాస్త తేలికగా వినబడుతుంది కానీ అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ఏడు నెలల్లో ఆమె రక్తపోటును ప్రతిసారీ కూర్చోబెట్టే చూశారు. 100/70 అని రాసి ఉంది, సన్నని మనిషికి అది మామూలే. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఆమె ప్రతి చోటా చెప్పింది. నిలబెట్టి, మూడు నిమిషాలు ఆగి, మళ్లీ చూసిన అంకె ఏ చీటీ మీదా లేదు. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. పట్టే సమయం ఒక్కటే ఇబ్బంది, బయట వరుసలో ఎంతో మంది ఉంటారు, ఆ ఒత్తిడి నాకు తెలుసు. అయినా అంత జనంలో కూడా ఎవరి కోసం ఆ మూడు నిమిషాలు ఖర్చు చేయాలో పసిగట్టడమే అనుభవం నేర్పే వివేకం.

ఇక ఉప్పు సంగతి. చాలా వారాలుగా ఆమె ఉప్పును అరచేతిలో వేసుకుని నాకుతోంది. అర్ధరాత్రి లేచి వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా తీయడం అక్క కంటపడింది. ఈ ఒక్క మాట చెవిన పడితే నిర్ధారణ సగం అయిపోయేది. ఎవరికీ చెప్పలేదా అని తర్వాత ఆమెను అడిగాను. "చెప్పబోయాను డాక్టర్ గారూ, అంతలో వారు నిద్ర ఎలా పడుతోందని అడిగారు. మళ్లీ ఆ మాట ఎత్తడానికి సిగ్గేసింది" అంది. 1984లో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు వైద్యుల గదుల్లో జరిగిన సంభాషణలను రికార్డు చేసి చూస్తే, రోగి తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నట్లు తేలింది. అంతకు ముందు 1975లో బ్రిటన్‌లో కొత్తగా ఓపీకి వచ్చిన 80 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో, 66 మందికి రెఫరల్ లేఖ, రోగి చెప్పిన చరిత్ర ఆధారంగా చేసిన నిర్ధారణే చివరి దాకా నిలిచింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే మనం ఎంత విలువైన దాన్ని ఎంత తొందరగా కత్తిరించేస్తున్నామో అర్థమవుతుంది.

ఆమెకు అడ్డు తగిలిన వైద్యుడు నిర్లక్ష్యంగా ఉండి ఆ పని చేయలేదు. నిద్ర గురించి అడిగింది ఆమె మీద ఆదుర్దాతోనే. అప్పటికే ఆయన మనసులో డిప్రెషన్ అనే పేరు కుదురుకుంది, ప్రశ్నలన్నీ ఆ పేరు వైపుకే నడుస్తున్నాయి. నేను మొదట్లో అన్నది ఇదే: దయ ఉన్నంత మాత్రాన వినడం రాదు. రోగి పట్ల జాలి కలిగినప్పుడు ఆమెకు త్వరగా ఏదో ఒక ఊరట ఇవ్వాలన్న తొందర పుడుతుంది. ఆ తొందర వినడాన్ని మింగేస్తుంది. మన నిర్ధారణకు సాయపడని మాటను కూడా చివరి దాకా వినడానికి మనసును అదుపులో పెట్టుకోవాలి, అది సాధనతో గానీ రాదు.

మొదటి రాత్రి

అనుమానం బలపడ్డాక మా ముందు ఒక నిర్ణయం నిలిచింది. కార్టిసాల్ రిపోర్టు రావడానికి మర్నాటి మధ్యాహ్నం అవుతుంది. అప్పటిదాకా ఆగాలా? ఆగకూడదు. పరీక్షకు రక్తం తీసి పక్కన పెట్టి, కార్టిసాల్‌కు బదులుగా పనిచేసే స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాము, తర్వాతి 24 గంటల్లో ఇంకో 200 మిల్లీగ్రాములు వెళ్లేలా డ్రిప్ పెట్టాము, థైరాక్సిన్ ఆపేశాము. ఇది సాహసం కాదు, లెక్క. అనుమానం తప్పయితే ఒక రోజు ఇచ్చిన ఆ మందు వల్ల కలిగే నష్టం స్వల్పం. అనుమానం నిజమై మందు ఆలస్యమైతే మనిషి దక్కదు. వైద్యుడికి ధైర్యం కావాలని అంటారు. నిజానికి కావలసింది ఇటువంటి తూకం వేయగల తెలివి, వేశాక చెయ్యి వెనక్కి తీసుకోని తెగువ.

రెండు గంటల్లో రక్తపోటు 104కు చేరింది. సరిగ్గా ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని నిద్రకు వెళ్తారు. కార్టిసాల్ అందగానే మూత్రపిండాలు అప్పటిదాకా పట్టి ఉంచిన నీటిని ఒక్కసారిగా వదలడం మొదలుపెడతాయి, సోడియం మనం అనుకున్న దానికన్నా వేగంగా పెరుగుతుంది. చాలా రోజులుగా తక్కువ సోడియానికి అలవాటుపడిన మెదడుకు ఆ వేగం ప్రమాదం. కొన్ని రోజుల తర్వాత మాట పడిపోవడం, కాళ్లూ చేతులూ చచ్చుబడడం వంటి కోలుకోలేని నష్టం జరగవచ్చు. 24 గంటల్లో పెరుగుదల 8 దాటకూడదని మేము హద్దు పెట్టుకున్నాము. జూనియర్ డాక్టర్ నాలుగు గంటలకోసారి సోడియం చూడాలని రాసి, గంట గంటకూ మూత్రం కొలిపించారు. తెల్లవారుజామున గంటకు 400 మిల్లీలీటర్ల మూత్రం వస్తోంది. సోడియం ఎనిమిది గంటల్లోనే 128 అయింది. ఆయన సెలైన్ ఆపి, సోడియం ఇంకా పెరగకుండా ఉప్పు లేని చక్కెర నీరు, 5 శాతం డెక్స్‌ట్రోజ్, మొదలుపెట్టి, నాకు ఫోన్ చేశారు. ఒక రోజు పూర్తయ్యేసరికి సోడియం 129 దగ్గర నిలిచింది.

రోగి కుటుంబానికి ఆ రాత్రి గుర్తుండేది రక్తపోటు పెరిగిన క్షణమే. డెక్స్‌ట్రోజ్ సీసా మార్చిన సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ కృతజ్ఞత చెప్పరు, జరగని నష్టానికి ఎవరూ దండం పెట్టరు. ఎవరూ చూడని వేళ చేసే ఇలాంటి పనిలోనే వైద్యుడి నిజాయితీ తేలుతుంది. ఇంటర్వ్యూలు చేసి వైద్య విద్యార్థులను ఎంపిక చేసే వారు దయ గురించి గంటలకొద్దీ ప్రశ్నలు వేస్తారు. మెప్పు రాని పనిని ఎంత శుభ్రంగా చేస్తావని ఎవరైనా అడిగారేమో నాకు అనుమానమే.

పేరుమోసిన వైద్య గురువు విలియం ఆస్లర్ 1889లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొత్త వైద్యులను ఉద్దేశించి మాట్లాడుతూ నిబ్బరాన్ని వైద్యుడి ముఖ్య లక్షణంగా ముందు నిలబెట్టారు. రక్తపోటు 84 ఉన్న మనిషి ముందు చేతులు వణకకూడదన్న మేరకు అది నిజమే. కానీ నిబ్బరం ఒక్కటే ఉంటే, దాని వెనక సందేహం లేకపోతే, అది చూడడానికి బాగుండే ప్రమాదం. శాంపిల్ చితికి ఉంటుందిలే అని నిదానంగా అనేయడం కూడా నిబ్బరంగానే కనబడుతుంది.

మర్నాడు కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములని వచ్చింది. అంతటి ఆపదలో ఉన్న శరీరంలో అది ఎన్నో రెట్లు ఉండాలి. ఏసీటీహెచ్ చాలా ఎక్కువగా ఉందని, అడ్రినల్ గ్రంథుల మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయని తర్వాతి రిపోర్టులు చెప్పాయి. అంటే శరీరపు సొంత రక్షణ వ్యవస్థే ఆ గ్రంథులను నాశనం చేసింది. జబ్బు అడిసన్ వ్యాధి అని ఖాయమైంది.

నిజం చెప్పడం

మూడో రోజు భర్త నేరుగా అడిగారు. "డాక్టర్ గారూ, ఆ థైరాయిడ్ మాత్ర వల్లనే ఇలా అయిందా? ముందు చూసిన వాళ్లు తప్పు చేశారా?" ఈ ప్రశ్నకు రెండు చెడ్డ జవాబులు ఉన్నాయి. తోటి వైద్యుణ్ణి కాపాడడానికి మాట దాటేయడం ఒకటి, మన గొప్ప చాటుకోవడానికి ఆయన్ను తీసిపారేయడం ఇంకొకటి. నేను చెప్పింది ఇది: "జబ్బు ఆ మాత్ర వల్ల రాలేదు, అంతకు ముందే ఉంది. కానీ ఆ మాత్ర పరిస్థితిని తొందరగా దిగజార్చింది. ఈ జబ్బు అరుదు, లక్షణాలు ఒకేసారి కనబడవు, ఒక్కో డాక్టర్‌కు ఒక్కో ముక్క కనబడింది. నిలబెట్టి రక్తపోటు చూసి ఉంటే, రంగు మారడం గురించి అడిగి ఉంటే ముందే తెలిసే అవకాశం ఉండేది." ఆయన కోపం తగ్గలేదు, తగ్గాలని నేను ఆశించలేదు కూడా. కానీ ఆ తర్వాత చికిత్స గురించి నేను చెప్పిన ఏ మాటనూ ఆయన అనుమానంగా వినలేదు.

రోగి మాత్రం మందుల గురించి గానీ, తప్పొప్పుల గురించి గానీ అడగలేదు. "అయితే నాది బద్ధకం కాదన్నమాట" అంది. ఏడు నెలలుగా తన మీద తనకే నమ్మకం పోయిందని అప్పుడు తెలిసింది. డిప్రెషన్ మందును మానసిక వైద్యుల సలహాతో క్రమంగా తగ్గించి ఆపేశాము. డిప్రెషన్ అంటే అసలు జబ్బు కాదని ఈ కేసు నుంచి ఎవరూ అర్థం చేసుకోకూడదు. ఆ పేరు పెట్టే ముందు శరీరాన్ని కూడా చూడాలి, అంతే.

ముందు చూసిన ఆ వైద్యుడికి నేను ఫోన్ చేశాను. ఇలాంటి ఫోన్లు చాలా అరుదుగా జరుగుతాయి. అందువల్లనే ఒకే పొరపాటు అదే చోట మళ్లీ మళ్లీ జరుగుతుంది. నిందించే స్వరం లేకుండా అంకెలు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, ఆ తర్వాత ఉప్పు గురించి, అరచేతుల గురించి, ఏ వారం నుంచి మొదలైందన్న దాని గురించి వివరంగా అడిగారు. వారం తిరక్కుండా తానే ఫోన్ చేసి రోగి ఎలా ఉందని కనుక్కున్నారు. తన తప్పు గురించిన కబురును ఆయన అందుకున్న తీరు చూశాక నా దృష్టిలో ఆయన మంచి వైద్యుడు.

ఇంటికి పంపే ముందు

ఈ జబ్బులో వైద్యుడు ఆసుపత్రిలో చేసేది కొంతే, రోగి ఇంట్లో చేసుకోవలసింది జీవితాంతం. హైడ్రోకార్టిసోన్ నిద్ర లేవగానే 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 మిల్లీగ్రాములు. ఆల్డోస్టెరోన్‌కు బదులుగా ఫ్లూడ్రోకార్టిసోన్ రోజుకు 100 మైక్రోగ్రాములు. ఆరోగ్యవంతుల్లో జ్వరం వస్తే గ్రంథులు తమంతట తామే కార్టిసాల్ ఉత్పత్తిని పెంచుతాయి. ఈమెకు ఆ పని మాత్రతో చేయాలి: జ్వరం 38 డిగ్రీలు దాటితే డోసు రెట్టింపు, 39 దాటితే మూడు రెట్లు, వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తొడకు వేసి వెంటనే ఆసుపత్రికి రావడం. ఏ పరిస్థితిలోనూ మందు ఒక్కరోజు కూడా ఆపకూడదు.

ఇదంతా నేను నిదానంగానే వివరించాను. ఆమె, భర్త, అక్క ముగ్గురూ తల ఊపారు. ఆమె చదువుకున్న మనిషి, పదిమందికి చదువు చెప్పే మనిషి. అక్కడితో లేచిపోవచ్చు. అయినా అలవాటు ప్రకారం, "నేను సరిగా చెప్పానో లేదో చూసుకుంటాను. జ్వరం వస్తే ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి" అని అడిగాను. ఆమె తడుముకోకుండా, "జ్వరం తగ్గే దాకా ఈ మాత్ర ఆపుతాను, తగ్గాక మళ్లీ వేసుకుంటాను" అంది. ఆశ్చర్యపోయి ఎందుకని అడిగితే కారణం చెప్పింది. స్టెరాయిడ్ అంటే రోగనిరోధక శక్తి తగ్గుతుందని విన్నది, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు అది వేసుకోకూడదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆమె తర్కంలో లోపం లేదు, మొదలు పెట్టిన చోటే తేడా. ఈ మాత్ర శరీరంలో లేని దాన్ని పూడ్చేది మాత్రమేనని, ఆ కొద్దిపాటి మోతాదు బయటి నుంచి అదనంగా వేసేది కాదని నేను చెప్పనే లేదు, ఎందుకంటే ఆ భయం ఆమెలో ఉందని ఆ క్షణం వరకు తెలిసే దారి లేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నాము. ఈసారి భర్త చేత కూడా చెప్పించాను. ఖాళీ సిరంజితో ఇంజెక్షన్ ఎలా వేయాలో నర్సు ఆయన చేత చేయించి చూశారు. జబ్బు పేరు, మందులు, అత్యవసరంలో ఇవ్వవలసిన డోసు రాసిన కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాము.

తల ఊపడాన్ని అర్థమవడంగా లెక్కగట్టడం మన వృత్తిలో అతి సాధారణమైన పొరపాటు. ప్రశ్నను రోగి మీద పరీక్షగా కాకుండా మన మీద పరీక్షగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు, అసలు సంగతి బయటికి వస్తుంది. దీనికి కావలసిన గుణం వినయం. వినయమంటే చేతులు కట్టుకుని మాట్లాడడం అని నేను అనుకోను. నా మాట అవతలి వారికి చేరకపోయి ఉండవచ్చన్న అనుమానం ఎప్పుడూ మిగుల్చుకోవడమే.

తర్వాత

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ థైరాక్సిన్ లేకుండానే 3.1కి దిగింది. బరువు తిరిగి పెరిగింది, అరచేతుల గీతల నలుపు మెల్లగా పలచబడింది. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి జ్వరం, వాంతులు వచ్చాయి. భర్త ఇంజెక్షన్ వేసి, దగ్గరలో ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఈ జబ్బుతో పరిచయం లేదు. కార్డు చూసి, దానిలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "నేను ఇంతకు ముందు ఇలాంటి కేసు చూడలేదు, ఏం చేయాలో చెప్పండి" అని అడిగారు. అలా అడగగలిగిన ఆ వైద్యుడి వయసు చాలా చిన్నదని తర్వాత తెలిసింది. మర్నాటికి ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పటికీ తేలని విషయం ఒకటి ఉంది. అంకెలన్నీ బాగున్నా, మధ్యాహ్నానికి ఒంట్లో సత్తువ అయిపోతోందని ఆమె అంటుంది. ఈ జబ్బు ఉన్న వారిలో చాలామంది చెప్పే మాటే ఇది. మాత్రలతో ఇచ్చే హార్మోను శరీరం గంట గంటకూ సర్దుకునే పద్ధతిని పూర్తిగా అనుకరించలేదు. డోసు పెంచితే కొన్నాళ్లు హుషారుగా ఉంటుంది, కానీ ఎముకలు పలచబడతాయి, బరువు, చక్కెర పెరుగుతాయి. అందుకని పెంచలేదు. రోగి ఎదురుగా కూర్చుని బాధ చెబుతుంటే ఏదీ రాయకుండా ఉండడం, ఏదో ఒకటి రాసివ్వడం కన్నా కష్టం. దీనికి నా దగ్గర పూర్తి పరిష్కారం లేదని ఆమెకు చెప్పాను. మధ్యాహ్నపు మాత్రను ఒక గంట ముందుకు జరిపి చూస్తున్నాము. ఏ వేళకు నీరసం మొదలవుతోందో ఆమె ఒక పుస్తకంలో రాసుకుంటోంది. వచ్చే విడత ఓపీకి ఆ పుస్తకం తెస్తానంది, ఎముకల సాంద్రత పరీక్ష కూడా అప్పుడే చేయించాలి.